అటకెక్కిన కత్తిపీట: మందు పనిచేసేలోపు గడిచిన వారాలు

గాజువాక వైపు ప్రాక్టీసు చేసే ఒక ఫిజీషియన్ చీటీ రాసి పంపగా, ఒక మహిళ కార్తీక మాసంలో మా మానసిక వైద్య క్లినిక్‌కు వచ్చారు. వయసు 32. ప్రైవేటు పాఠశాలలో మూడో తరగతి టీచరు. భర్త పారిశ్రామిక వాడలో షిఫ్టు ఉద్యోగి. నాలుగేళ్ల కొడుకు. అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటారు. చీటీలో ఉన్నది ఇంతే: గుండె దడ, ఆయాసం, నిద్ర పట్టకపోవడం, ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను.

అత్తగారు పక్కన కూర్చున్నంతసేపూ ఆమె దడ గురించే చెప్పారు. చూపు మాత్రం నా బల్ల మీది పెన్నుల డబ్బాలో ఉన్న కత్తెర మీదకే పోతోంది. కాసేపటికి కుర్చీని వెనక్కి జరుపుకున్నారు. అత్తగారిని బయట కూర్చోమని కోరి, ఇలాంటి సందర్భాల్లో ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను.

"కొందరికి పిలవని ఆలోచనలు వస్తుంటాయమ్మా. కన్నబిడ్డకు ఏదైనా చేసేస్తామేమోనని, గుడిలో నిలబడితే మనసులో బూతులు మెదులుతున్నాయని, రైలు వస్తుంటే దూకేస్తామేమోనని. తలచుకుంటే తమకే అసహ్యం వేసే ఆలోచనలు. మీకు అలాంటివి ఉన్నాయా?"

ఈ ప్రశ్న ఉదాహరణలతో సహా అడగాలి. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా" అని ముక్తసరిగా అడిగితే ఎవరూ నోరు విప్పరు. డాక్టరు నోటి నుంచి ఆ మాటలు ముందుగా వస్తే, ఇవి ఇతరులకూ ఉంటాయన్నమాట అని వాళ్లకు తెలుస్తుంది. ఆమె చాలాసేపు ఏడ్చారు. ఏడుపు ఆగాక చెప్పారు.

మూడు నెలల క్రితం వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతుంటే కొడుకు వెనక నుంచి వచ్చి మెడకు చేతులు వేశాడు. ఆ క్షణంలో వాడి మెడ, ఆ కత్తి అంచు కళ్ల ముందు మెదిలాయి. రెప్పపాటు. అంతే. ఆ తర్వాత ఆ దృశ్యం రోజుకు పదుల సార్లు రావడం మొదలైంది. కత్తిపీటను పాత తువ్వాలులో చుట్టి అటకెక్కించారు. చాకులు అత్తగారి బీరువాలోకి వెళ్లాయి. బాబుకు స్నానం చేయించడం మానేశారు. మూడో అంతస్తులో ఉన్న వాళ్ల బాల్కనీ తలుపుకు తాళం పడింది. రాత్రి భర్త నైట్ షిఫ్టుకు వెళితే బాబును అత్తగారి పక్కన పడుకోబెట్టి, తాను లోపల గడియ పెట్టుకుని వేరే గదిలో పడుకునేవారు. ఆలోచన వచ్చిన ప్రతిసారీ సింహాద్రి అప్పన్నను పదకొండు సార్లు తలచుకోవాలి. మధ్యలో తప్పితే మళ్లీ మొదటి నుంచి. పొయ్యి మీద నూనె కాగుతున్నా సరే, లెక్క పూర్తయ్యేవరకు కదలలేరు. ఆ ఇంట్లో పోపు మాడని రోజు లేదని అత్తగారు తర్వాత చెప్పారు. రైతు బజారు నుంచి చేత్తో తుంచుకోగలిగిన కూరలే వచ్చేవి: ఆకుకూరలు, చిక్కుళ్లు, గోరుచిక్కుళ్లు. రోజూ అత్తగారిని అడిగే ప్రశ్న ఒకటుంది: "నేను అలాంటిదాన్నా అత్తయ్యా?" అర్థం తెలియకపోయినా ఆవిడ ప్రతిసారీ "నువ్వు బంగారం తల్లీ" అనేవారు. ఆ మాట పావుగంట పనిచేసేది.

నిర్ధారణ

ఇది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్), పిలవని ఆలోచనలు వదలకుండా వెంటాడే జబ్బు. హాని చేస్తానేమోనన్న ఆలోచనలు, వాటిని దించుకోవడానికి చేసే పనులు, వాటితో పాటు మధ్యస్థ స్థాయి డిప్రెషన్, తీవ్రమైన ఆందోళన. ఓసీడీ తీవ్రత కొలవడానికి 1989లో ప్రచురితమైన యేల్-బ్రౌన్ కొలమానం ఉంది. పది ప్రశ్నలు, గరిష్ఠంగా 40 మార్కులు. ఆమెకు 27 వచ్చాయి. 24 నుంచి 31 వరకు తీవ్రమైనదిగా లెక్క.

నిర్ధారణకు ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉంటాయి. ఎవరో చెవిలో ఆజ్ఞాపిస్తున్నట్టు వినిపిస్తోందా? లేదు. బాబులో ఏదో దుష్టశక్తి ఉందన్న నమ్మకం ఉందా? లేదు. బాబు మీద కోపం? ఆ మాటకే ఆమె తల్లడిల్లిపోయారు. గతంలో కొన్ని రోజులపాటు నిద్ర అవసరం లేకుండా అతి ఉత్సాహంతో గడిపిన సందర్భాలు? లేవు. బైపోలార్ ఉన్నవారికి ఓసీడీకి వాడే మందులు ఒంటరిగా ఇస్తే ఉన్మాద దశ మొదలయ్యే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న వదలకూడదు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అనీ సూటిగానే అడిగాను. "నేను లేకపోతే బాబు క్షేమంగా ఉంటాడనిపిస్తుంది డాక్టరు గారూ" అన్నారు. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన మాత్రం లేదు. ఆ జవాబు వల్లే వచ్చే పరిశీలనను నెల తర్వాతకు కాక వారానికే పెట్టాను.

ఆమెకు ముందుగా తెలియవలసింది ఒకటుంది. 1978లో రాక్‌మన్, డి సిల్వా ప్రచురించిన అధ్యయనంలో, ఏ మానసిక వ్యాధీ లేని మనుషుల్లోనూ ఇలాంటి ఆలోచనలు మామూలేనని తేలింది. హింస, అసభ్యం, దైవదూషణ, ఏదైనా. ఆలోచనల సారంలో పెద్ద తేడా లేదు. మామూలు మనిషి "ఛీ" అనుకుని పనిలో పడతాడు. ఓసీడీ ఉన్న మనిషి ఆ ఆలోచనను తన గుణానికి సాక్ష్యంగా తీసుకుంటాడు. బిడ్డను ప్రాణంగా చూసుకునే తల్లికే ఈ ఆలోచన ఇంత నరకం చూపిస్తుంది. ఓసీడీలో ఇలాంటి ఆలోచనలు వచ్చేవాళ్లు, ఆ ఆలోచనల వల్ల వాటిని అమలు చేసే మనుషులుగా మారిపోరు. ఆ మాట ఆమెకు నేను స్పష్టంగా చెప్పాను, ఒక్కసారే చెప్పాను. రోజూ చెబితే నేను కూడా "నువ్వు బంగారం తల్లీ" అన్నట్టే అవుతుంది.

చీటీ రాసిన రోజు

డిప్రెషన్‌కూ ఓసీడీకీ వాడే సెర్ట్రలిన్ అనే మందును 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 50కి పెంచేలా రాశాను. ఉదయం టిఫిన్ తర్వాత. రాత్రికి ఆందోళన తగ్గి నిద్ర పట్టడానికి క్లోనజెపామ్ 0.25 మిల్లీగ్రాములు, రెండు వారాలకే, ఆ తర్వాత తగ్గిస్తూ నాలుగో వారానికి ఆపేసేలా. అప్పటిదాకా మందుల షాపు నుంచి తెచ్చుకుని అడపాదడపా వేసుకుంటున్న ఆల్ప్రాజోలామ్ అనే అదే రకం మాత్ర మానిపించాను.

భర్తను కూడా పిలిపించి, ముగ్గురినీ కూర్చోబెట్టి రాబోయే వారాల్లో ఏమేం జరుగుతుందో కాగితం మీద రాసి ఇచ్చాను. మొదటి పది రోజులు ఇప్పటికన్నా కష్టంగా ఉండవచ్చు: వికారం, విరేచనాలు, ఒళ్లంతా అదురుతున్నట్టు అనిపించడం, ఆందోళన పెరగడం. రెండు మూడు వారాలకు నిద్ర, ఆకలి సర్దుకోవడం మొదలవుతుంది. పిలవని ఆలోచనలు చివర తగ్గుతాయి. వాటికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. మొదట ఆలోచనల సంఖ్య తగ్గదు, వాటి పట్టు తగ్గుతుంది. కాగితం కింద క్లినిక్ ఫోను నంబరు, దాని కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాశాను.

డిప్రెషన్ మందు రాసి "నెల తర్వాత రండి" అని పంపేయడం మన దగ్గర మామూలైపోయింది. రద్దీ ఎంతో నాకూ తెలుసు. అయినా ఆ నెలే ఈ వైద్యంలో అతి కష్టమైన కాలం. మందు వల్ల వచ్చే ఇబ్బందులన్నీ ముందు వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. ఆ మధ్యకాలంలో మనిషి పక్కన ఎవరూ లేకపోతే, మందు ఆపేయడం ఆ మనిషి దృష్టిలో పూర్తిగా సబబైన నిర్ణయమే. అందుకే మొదటి నెలలోనే ఎక్కువసార్లు చూడాలి. మనిషి కుదురుకున్నాక పరిశీలనలు దూరం చేసుకోవచ్చు.

మొదటి పది రోజులు

ఐదో రోజు రాత్రి భర్త ఫోను చేశారు. "మాత్రలు మొదలుపెట్టాక ఆలోచనలు ఇంకా పెరిగాయి అంటోంది సార్. మానేయమంటారా?" ఫోను ఆమెకు ఇవ్వమన్నాను. ఇలాంటప్పుడు నేను వినేది రెండు విషయాల కోసం. కాళ్లు నిలవక అటూ ఇటూ తిరగకుండా ఉండలేని స్థితి వచ్చిందా? చావు ఆలోచన రూపం మారిందా, ఎలా అన్నదాకా వెళ్లిందా? రెండూ లేవు. కడుపులో తిప్పుతోంది, చేతులు వణుకుతున్నాయి, దడ ఎక్కువగా ఉంది. దడ పెరిగితే ఆలోచనలు పెరిగినట్టే తోస్తుంది. 50కి పెంచడం ఇంకొక వారం వాయిదా వేసి, 25 మీదే కొనసాగించమన్నాను. మరుసటి రోజు ఉదయం క్లినిక్‌కు రప్పించాను.

డిప్రెషన్ మందుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలు, కౌమారుల గురించి, 2007లో 24 ఏళ్ల వరకు ఉన్న యువత గురించి హెచ్చరిక పెట్టించింది: తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని, దగ్గరగా గమనించాలని. ఈమె ఆ వయసు దాటినవారే. తొలి వారాల్లో ఆ జాగ్రత్త ఏ వయసువారి విషయంలోనైనా నేను పాటిస్తాను.

మందు అంత ఆలస్యంగా ఎందుకు పనిచేస్తుందని భర్త అడిగారు. మంచి ప్రశ్న. సెర్ట్రలిన్ కొన్ని గంటల్లోనే తన పని మొదలుపెడుతుంది. నాడీకణాలు తమ మధ్య సందేశాలు మోసే రసాయనమైన సెరటోనిన్‌ను తిరిగి లోపలికి తీసుకునే దారిని మూసేస్తుంది. రోజూ వేసుకుంటే వారంలో రక్తంలో మందు స్థాయి నిలకడకు వస్తుంది. అయితే సెరటోనిన్ పెరగగానే, దాన్ని విడుదల చేసే కణాల మీద ఉండే 5-హెచ్‌టీ1ఏ గ్రాహకాలు విడుదలను తగ్గించేస్తాయి. ఆ గ్రాహకాల సున్నితత్వం తగ్గడానికి వారాలు పడుతుంది. కణాల మధ్య అనుసంధానాలలో మార్పులు కూడా నెమ్మదిగానే వస్తాయి. ఈ ఆలస్యానికి ఎక్కువగా చెప్పే వివరణ ఇదే. ఓసీడీలో డిప్రెషన్ కన్నా ఎక్కువ మోతాదు, ఎక్కువ కాలం కావాలి. చాలామంది ఫలితాలు కలిపి సగటు తీస్తే తొలి రెండు వారాల్లోనే కొంత మార్పు కనిపిస్తుంది. ఆ మార్పు మనిషికి తెలిసేంత పెద్దదిగా ఉండదు, అంతే.

పక్కింటావిడ "అవి నిద్రమాత్రలు, అలవాటు పడిపోతావు" అని చెప్పారట. ఆమె తీసుకునే రెండు మాత్రల్లో అలవాటు పడే గుణం ఉన్నది క్లోనజెపామ్‌కు, అందుకే దానికి గడువు పెట్టాను. సెర్ట్రలిన్‌ను ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది కలుగుతుంది. అయితే దాని కోసం మనసు గుంజడం, రోజురోజుకూ ఎక్కువ కావాలనిపించడం ఉండదు.

దేవుడి మాట

అత్తగారు సింహాచలం తీసుకువెళతానన్నారు. కాదనడానికి నేనెవరిని? ఆ కొండ మీద ఆ కుటుంబానికి ఉన్న భక్తి తరాల నాటిది. అయితే ఒక విషయం ఆమెతో విడిగా మాట్లాడవలసి వచ్చింది. కొండకు వెళ్లి దణ్ణం పెట్టుకోవడం భక్తి. ఆలోచన వచ్చినప్పుడల్లా పదకొండు లెక్కపెట్టకపోతే బాబుకు కీడు జరుగుతుందని వణుకుతూ నామం చెప్పడం జబ్బు చేయిస్తున్న పని. "మీకు అప్పన్న మీద ప్రేమ ఎప్పుడు కలుగుతుందమ్మా, లెక్కపెడుతున్నప్పుడా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "లెక్కపెడుతున్నప్పుడు ఆయన ముఖమే గుర్తుకు రాదు" అన్నారు. ఎవరి నమ్మకాన్నీ కించపరచకుండా ఈ గీత గీయడం మన ఊళ్లో ఓసీడీ వైద్యంలో అతి ముఖ్యమైన భాగమని నేననుకుంటాను. వాళ్లు కొండకు వెళ్లివచ్చారు. మాత్ర వేసుకునే వెళ్లారు.

మూడో వారం దాటాక

రెండు వారాలు నిండాక 50కి పెంచాను. మూడో వారం చివర ఆమె వచ్చినప్పుడు ముఖం కొద్దిగా తేటపడింది. రాత్రి ఆరు గంటలు నిద్రపోతున్నారు. రెండు పూటలా తింటున్నారు. దడ సగం తగ్గింది. కూర్చున్న వెంటనే అన్న మాట: "మందు పనిచేయట్లేదు డాక్టరు గారూ. ఆలోచనలు అలాగే ఉన్నాయి."

ఈ మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. నా దగ్గరకు కొందరు లావుపాటి ఫైలుతో వస్తారు. అందులో నాలుగైదు మందుల పేర్లు, ఒక్కొక్కటి మూడు వారాలు వాడి "పనిచేయలేదు" అని మార్చినవి. ఓసీడీలో ఒక మందు పనిచేయలేదని అనాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడి ఉండాలి, అందులో కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఆ మనిషి తట్టుకోగలిగిన పై మోతాదులో. ఆ లెక్కన చూస్తే ఆ ఫైళ్లలోని మందుల్లో చాలావాటికి సరైన అవకాశమే దక్కలేదు. ఎంత డబ్బు, ఎంత కాలం, ఎంత ఆశ వృథా అయిపోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

మొదటి రోజు రాసిన కాగితం తెరిపించి చదివించాను. నిద్ర, ఆకలి ముందు, ఆలోచనలు చివర. అన్నీ కాగితంలో ఉన్న వరుసలోనే జరుగుతున్నాయి. మోతాదు 100కు పెంచాను. ఆరో వారంలో 150కి. నాలుగో వారం కొలమానంలో 25 మార్కులు, అంటే అంకెల్లో దాదాపు మార్పేమీ లేదు. ఆ అంకె ఆమెకు దాచకుండా చూపించాను.

కత్తిపీట దిగింది

నాలుగో వారంలో మా సైకాలజిస్టుతో ఈఆర్‌పీ మొదలైంది. భయపెట్టేదానికి మెట్టు మెట్టుగా ఎదురుపడడం, భయం దించుకోవడానికి చేసే పనిని చేయకుండా ఉండడం. మందు, ఈఆర్‌పీ రెండూ కలిస్తే మందు ఒక్కటే ఇచ్చినదానికన్నా ఫలితం బాగుంటుంది. దడతో ఒళ్లు అదిరిపోతున్నప్పుడు ఇది మొదలుపెడితే చాలామంది పారిపోతారు. మందు వల్ల నిద్ర కుదిరాక మొదలుపెట్టడం ఆమెకు సరిపోయింది.

ముందుగా మార్చవలసింది అత్తగారి జవాబు. "నేను అలాంటిదాన్నా" అని అడిగితే ఇకపై "దీనికి జవాబు చెప్పకూడదన్నారమ్మా. పద, బాబుకు నీళ్లు పోయాలి" అని మాత్రమే అనాలి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "అడిగిన పిల్లకు ధైర్యం చెప్పొద్దంటే ఎలా బాబూ?" అన్నారు. ధైర్యం చెప్పినకొద్దీ ప్రశ్న పెరుగుతోందని, తానే లెక్క రాసి చూడమన్నాను. వారం తర్వాత ఆవిడే క్యాలెండరు కాగితం వెనక గీతలు గీసి తెచ్చారు. జవాబు ఆపిన మొదటి రెండు రోజులు ప్రశ్నలు పెరిగాయి, తర్వాత తగ్గుతూ వచ్చాయి. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది.

మెట్లు ఇలా సాగాయి: కత్తెర ఉన్న గదిలో కూర్చోవడం, చాకు చేత్తో పట్టుకోవడం, అత్తగారు తరుగుతుంటే చూడడం. ఏడో వారంలో కత్తిపీటను అదే తువ్వాలులో చుట్టి క్లినిక్‌కు తెచ్చారు, ఒక ఆనపకాయతో సహా. నేల మీద పాత పేపరు పరిచి, కుడి కాలు పీట మీద మోపి కూర్చున్నారు. మూడు నెలలకు పైగా వాడకపోవడంతో కత్తి మీద సన్నని తుప్పు. మొదటి ముక్క తెగేటప్పుడు రెండు చేతులూ వణికాయి. ముక్కలు ఒకటి బొటనవేలంత, ఒకటి అరచేయంత. సైకాలజిస్టు ప్రతి ఐదు నిమిషాలకూ భయం వందకు ఎంత అని అడుగుతున్నారు. 90, 90, 85, 70. అప్పన్న పేరు పెదవుల మీదకు వచ్చినప్పుడల్లా ఆపుకున్నారు. అరగంట దాటాక 40. అప్పటికి ముక్కలు సమంగా పడుతున్నాయి. ఆ కాయంతా తరిగి, ముక్కలు డబ్బాలో వేసుకుని ఇంటికి తీసుకువెళ్లారు.

ఎనిమిదో వారం మార్కులు 19. ఆ రోజు ఆమె చెప్పిన మాట కొలమానం కన్నా ఎక్కువ తెలిపింది: "పోపు వేస్తుంటే ఆలోచన వచ్చింది. వచ్చిందని తెలిసింది. ఆవాలు చిటపటలాడుతున్నాయి, కరివేపాకు వేసేశాను."

సంక్రాంతి

పండుగకు విజయనగరం వైపున్న సొంతూరు వెళ్లారు. మాత్రల స్ట్రిప్పు ఫ్రిజ్ మీద మరచిపోయారు. మూడు రోజులు మందు లేదు. తల తిరగడం, కళ్లు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, ఊరికే కోపం. ఇంటి నిండా చుట్టాలు, వంటింటి నిండా కత్తులు. పాత దృశ్యం పూర్తి బలంతో తిరిగివచ్చింది. కనుమ నాటి సాయంత్రం ఫోను చేసి, "మళ్లీ మొదటికి వచ్చేశాను" అన్నారు.

మొదటికి రాలేదు. ఇవి మందు ఒక్కసారిగా ఆగడం వల్ల వచ్చే లక్షణాలు. అక్కడి మందుల షాపులో కొనుక్కోవడానికి చీటీ ఫొటో పంపించాను. ఆ మోతాదే మళ్లీ మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లో తల తిరగడం పోయింది, వారానికి ఆలోచనలు పండుగ ముందు ఉన్న స్థాయికి వచ్చాయి. ఇప్పుడు ఒక స్ట్రిప్పు చేతి సంచిలో, ఒకటి భర్త పర్సులో ఉంటాయి.

పన్నెండో వారం, ఆ తర్వాత

పన్నెండో వారం మార్కులు 13. మొదటిదానిలో సగానికన్నా తక్కువ; 35 శాతం తగ్గితేనే మందుకు స్పందించినట్టు లెక్క. దృశ్యం ఇంకా వస్తుంది, వారంలో కొన్ని సార్లు. బాబుకు స్నానం ఆమే చేయిస్తున్నారు. చావు ఆలోచన పోయింది. దుష్ఫలితాల్లో మిగిలినవి చెమటలు ఎక్కువగా పట్టడం, దాంపత్యంలో కోరిక తగ్గడం. రెండోది ఆమె అంతట ఆమె చెప్పలేదు, నేను అడిగాను. అడగకపోతే ఈ కారణంతోనే చాలామంది మందు చెప్పకుండా మానేస్తారు. మోతాదు ఇప్పుడే తగ్గించవద్దని, మరికొన్ని నెలలు చూద్దామని భార్యాభర్తలిద్దరూ నిర్ణయించుకున్నారు.

ఇలాంటి వైద్యానికి ప్రైవేటు ఖర్చు భరించలేనివారు విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) సైకియాట్రీ విభాగానికి గానీ వెళ్లవచ్చు. సెర్ట్రలిన్ ఖరీదైన మందు కాదు. జనరిక్ రూపంలోనూ దొరుకుతుంది.

150 మిల్లీగ్రాములు కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు కొనసాగించి, ఆ తర్వాత నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలన్నది ప్రణాళిక. ఈఆర్‌పీలో మిగిలిన మెట్టు బాల్కనీ: తాళం తీసి, బాబును ఎత్తుకుని అక్కడ నిలబడడం. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామని పోయినసారి భర్త చెప్పారు. గర్భం రాకముందే ఇద్దరూ కలిసి రావాలని, పరీక్షలో గర్భం తేలిందని కంగారుపడి మందు సొంతంగా ఆపవద్దని, సెర్ట్రలిన్ గర్భధారణలోనూ పాలిచ్చే కాలంలోనూ ఎక్కువగా వాడే మందుల్లో ఒకటని చెప్పాను. ప్రసవం తర్వాతి వారాల్లో ఓసీడీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ కాలానికి పరిశీలనలు మళ్లీ వారం వారం పెడతాం.